ఆగని జవాబు

కిందటేడు మే నెలలో మేదిని నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు నోరు విప్పకుండా కూర్చుంది.

అనంతగిరి విద్యాపీఠం వాళ్ళు ఇంటర్వ్యూ గది పక్కనే తల్లిదండ్రుల కోసం ఒక హాలు కట్టారు. లోపల జరిగేదంతా అక్కడ తెరమీద కనిపిస్తుంది, వినిపిస్తుంది. ఎవరికి సీటు ఎందుకొచ్చిందో, ఎందుకు రాలేదో అందరూ కళ్ళారా చూసుకోవచ్చు. హైమావతి మూడో వరసలో కూర్చుని కూతురినే చూస్తోంది. లెక్కల్లో, భౌతికశాస్త్రంలో అడిగినవాటికి పిల్ల నెమ్మదిగానైనా చెప్పుకొచ్చింది. చివరి ప్రశ్న ఒక పెద్దాయన అడిగాడు.

"తప్పని తెలిసి కూడా నువ్వు ఊరుకున్న సందర్భం ఏదైనా ఉంటే చెప్పమ్మా."

ఈ ప్రశ్న అక్కడ ప్రతి ఏడూ ఏదో ఒక రూపంలో వస్తుంది. దానికి మేదిని జవాబు తయారుచేసుకునే వెళ్ళింది. స్నేహితురాలు పరీక్షలో చీటీ పెట్టుకుని రాస్తుంటే చూసి మాట్లాడకుండా ఉండిపోయిన కథ. ఇంట్లో పదిసార్లు అప్పజెప్పింది కూడా. తీరా అక్కడ పెదవులు కదిలాయి గాని మాట పెగల్లేదు. పెద్దాయన ఓపిగ్గా చూశాడు. పక్కనున్నావిడ మంచినీళ్ళ గ్లాసు ముందుకు జరిపింది. హాల్లో ఎవరో అయ్యో అన్నారు. నాలుగు నిమిషాలు దాటాక గంట మోగింది.

నలభై వేల మంది రాసిన పరీక్షలో మేదినికి వచ్చింది పద్దెనిమిదో ర్యాంకు. సీట్లు తొంభై. కాని సగం మార్కులు ఇంటర్వ్యూవి. సీటు రాలేదు. ఇంకొక్కసారి ప్రయత్నించడానికి మాత్రం అవకాశం ఉంది. ఆ తరవాత ఉండదు.

కాకినాడ తిరిగొచ్చే రైల్లో హైమావతి కూతురితో ఒక్క మాటా అనలేదు. ఆవిడ ఉద్యోగమే మాట రానివాళ్ళకి మాట తెప్పించడం. తన కూతురే అందరి ముందూ అలా గుడ్లప్పగించి కూర్చుందంటే ఆవిడకి మింగుడుపడలేదు.

*

హైమావతి పనిచేసేది మాట, వినికిడి సమస్యల మీద నడిచే ఒక ప్రైవేటు పరిశోధనాలయంలో. ఆరేళ్ళుగా ఒక్క పరికరం మీదే కూర్చుంది. చూడ్డానికి ఎడమ చెవి వెనక అంటించుకునే చిన్న పట్టీ. పేరు ధార. పక్షవాతం వచ్చి మాట పడిపోయినవాళ్ళ కోసం తయారుచేసింది.

ఫిబ్రవరిలో దాన్ని మొదటిసారి ఒక మనిషి మీద పూర్తిగా వాడారు. నూకరాజని, చేపల బోటు నడిపిన సరంగు. అరవై రెండేళ్ళుంటాయి. ఎనిమిది నెలల కిందట పక్షవాతం వచ్చింది. కాళ్ళూ చేతులూ కోలుకున్నాయి గాని మాట మాత్రం గొంతు దగ్గరే ఆగిపోయేది.

హైమావతి బల్లమీద గ్లాసు పెట్టి, "ఇదేంటి?" అని అడిగింది. నూకరాజుకి తెలుసు. కళ్ళలో తెలిసినట్టు కనిపిస్తూనే ఉంది. మెడ నరాలు ఉబ్బాయి, కళ్ళు చెమర్చాయి, మాట రాలేదు. సహాయకురాలు ఫరీదా పట్టీ మీట నొక్కింది. కంప్యూటర్ తెరమీద గీత వణికి ఒక్కసారి పైకి లేచింది.

"గళాసు," అన్నాడు నూకరాజు. అని తన గొంతు విని తనే ఉలిక్కిపడ్డాడు.

గుమ్మం దగ్గర నిలబడ్డ అతని భార్య సత్తెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. "ఏం సేశారండీ డాట్రమ్మగారూ?"

"మెదడులో మాట పుట్టే చోటికీ నోటికీ మధ్యలో ఒక గేటుంటుంది సత్తెమ్మా. రైలు గేటు లాంటిదనుకో. ఈ మాట బయటికి పంపాలా వద్దా అని అక్కడ ఒక్క క్షణం ఆగుతుంది. మీ ఆయనకి ఆ గేటు తుప్పుపట్టి పడిపోయింది. పట్టీ దాన్ని ఎత్తి పడుతుంది. రోజూ గంట చొప్పున మూడు వారాలు ఎత్తితే, ఆ తరవాత పట్టీ లేకపోయినా లేచే ఉంటుంది."

మూడు వారాలు తిరిగేసరికి నూకరాజు పట్టీ లేకుండా గడగడా మాట్లాడుతున్నాడు. అడగడం ఆలస్యం, జవాబు సిద్ధం. పరిశోధనాలయం డైరెక్టరు వచ్చి హైమావతి చెయ్యి పట్టుకుని ఊపాడు.

అదే సాయంత్రం ఇంట్లో హైమావతి మేదినిని కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తోంది. ఇంటర్వ్యూ ఇంకా మూడు నెలలుంది. రెండోసారి రాసిన పరీక్షలో పిల్లకి పదకొండో ర్యాంకు వచ్చింది.

"ఆకాశం నీలంగా ఎందుకుంటుంది?"

మేదిని గోడకేసి చూసింది. పదిహేను సెకన్లు. ఇరవై. జవాబు చక్కగా చెప్పింది గాని, చెప్పేలోగా హైమావతి రెండుసార్లు గడియారం చూసింది.

హైమావతి గమనించింది, పిల్ల ఎప్పుడూ ఇలా లేదు. చిన్నప్పుడు వసపిట్ట. ఇంటర్ రెండో ఏడాది మధ్యలో ఎక్కడో మొదలైంది ఈ ఆగడం. చదువు ఒత్తిడనుకుంది. తండ్రి చంద్రమౌళి ఏదైనా అడిగితే మరీ ఆగేది.

"పాపని వదిలెయ్ హైమా," అన్నాడు చంద్రమౌళి. అతను పోర్టులో సరుకుల తనిఖీ విభాగంలో సూపర్‌వైజరు. నెమ్మదైన మనిషి. "సీటు రాకపోతే ఇంకో కాలేజీ. ప్రపంచం మునిగిపోదు."

"మీరలాగే అంటారు. పదకొండో ర్యాంకు పిల్ల నోరు పెగలక ఓడిపోతే నేను చూస్తూ ఊరుకోవాలా?"

మర్నాడే హైమావతి పట్టీ ఒకటి సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చింది.

బయల్దేరేముందు ఫరీదా ఆపింది. "మేడమ్, ఇది జబ్బున్నవాళ్ళకి. మీ అమ్మాయికి గేటు పాడవలేదు కదా. బాగున్న గేటుని ఎత్తేస్తే మళ్ళీ దిగుతుందో లేదో మనకి తెలీదు. ఎథిక్స్ కమిటీకి కూడా చెప్పలేదు."

"నా కూతురు సంగతి నాకు తెలుసు ఫరీదా."

మేదిని పట్టీని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది పెట్టుకుంటే తడుముకోకుండా చెప్పేస్తావు. మూడు వారాలే. ఏమంటావ్?"

మేదిని తల ఎత్తింది. ఏదో చెప్పబోయింది. "అమ్మా, నేను... కొంచెం ఆలోచించి..."

"ఆలోచించడమేగా నీ బాధ," అని నవ్వి, హైమావతి పిల్ల జుట్టు పక్కకి తీసి చెవి వెనక పట్టీ అంటించింది.

*

పదిరోజుల్లో తేడా తెలిసింది. ప్రశ్న పూర్తయ్యేలోపే జవాబు మొదలయ్యేది. అందంగా, పొందికగా, ఎక్కడా తొట్రుపాటు లేకుండా. మాక్ ఇంటర్వ్యూలు నడిపే ఆదిత్యపురం మాస్టారు హైమావతికి ఫోన్ చేసి మరీ చెప్పాడు. "ముప్పై ఏళ్ళుగా పిల్లల్ని తయారుచేస్తున్నానండి. ఇంత ధారాళంగా మాట్లాడే పిల్లని చూడలేదు."

హైమావతి ఆ రాత్రి కంటినిండా నిద్రపోయింది.

కాని చిన్న చిన్నవి మొదలయ్యాయి. పాలాయన "పాలు బాగుంటున్నాయామ్మా?" అని మాటవరసకి అడిగితే, "నీళ్ళు ఎక్కువ కలుపుతున్నారు. అమ్మ నాన్నతో రోజూ అంటుంది," అంది మేదిని. ఆయన మొహం ముడుచుకుని వెళ్ళిపోయాడు. హైమావతికి నవ్వొచ్చింది. తరవాత వారం మేదిని స్నేహితురాలు కల్యాణి వచ్చి, కొత్తగా కుట్టించుకున్న పరికిణీ చూపించి, "నాకు నప్పిందా?" అంది. మేదిని నప్పలేదని చెప్పింది. అంతటితో ఆగితే బాగుండేది. "నువ్వంటే నాకు ఇష్టమేనా అని మాత్రం అడక్కు, అడిగితే అదీ చెప్పేస్తాను," అని ఏడుపు గొంతుతో అంది. కల్యాణి వింతగా చూసి, "ఏం, ఇష్టం లేదా?" అని అడిగేసింది. మేదిని రెండు చేతులతో నోరు మూసుకుంది. వేళ్ళ సందుల్లోంచి జవాబు వచ్చేసింది. కల్యాణి మళ్ళీ ఆ ఇంటికి రాలేదు.

అప్పుడు భయం వేసింది హైమావతికి. ఆ భయంతోనే పరిశోధనాలయానికి వెళ్ళేసరికి సత్తెమ్మ వరండాలో కూర్చుని ఉంది. మొహం పీక్కుపోయింది.

"ఏమైంది సత్తెమ్మా? నూకరాజు మాట మళ్ళీ పడిపోయిందా?"

"లేదండి. పడిపోతే బాగుండునండి." సత్తెమ్మ నేలకేసి చూస్తూ చెప్పింది. "మొన్న రొయ్యలు వలుత్తా సరదాకి అడిగానండి. నన్ను కాపోతే ఇంకెవర్ని సేసుకునేవోడివి అని. మా సెల్లి పేరు సెప్పాడండి. అది సచ్చిపోయి ముప్పయ్యేళ్ళయింది. ఇప్పటికీ దాన్నే తలుసుకుంటావా అంటే, రోజూ అన్నాడండి. అనేసి ఆడే ఏడుత్తన్నాడు. ముప్పయ్యేళ్ళు కడుపులో పెట్టుకున్నాడండి ఆ మాట, నా మొకం సూసి. నలుగురు పిల్లల్ని కన్నామండి. ఆ గేటేదో మళ్ళీ దించెయ్యండమ్మా. మూగోడైనా పరవాలేదు."

నూకరాజుకి పట్టీ పెట్టి, అది మెదడుకి పంపే అలల్ని తలకిందులు చేసి చూశారు. ఒక రోజు, రెండు రోజులు, వారం. తెరమీద గీత కదల్లేదు. గేటు ఉన్న చోట ఇప్పుడు ఏ అడ్డూ లేదు, నున్నటి దారి పడిపోయింది. ఫరీదా కుర్చీలో వెనక్కి వాలి, "దిగదు మేడమ్," అంది. మేదిని పేరెత్తలేదు. ఎత్తనక్కర్లేదు కూడా.

*

ఇంటర్వ్యూ శుక్రవారం. మంగళవారం సాయంత్రం హైమావతి చివరిసారి మాక్ పెట్టింది. చంద్రమౌళి ఇంకా పోర్టు నుంచి రాలేదు. మేదిని ఎదురుగా నిటారుగా కూర్చుంది. లెక్కలయ్యాయి, సైన్సయింది. హైమావతి కాగితం చూసి యథాలాపంగా చదివింది.

"తప్పని తెలిసి కూడా ఊరుకున్న సందర్భం చెప్పు."

చీటీ కథ వస్తుందనుకుంది. రాలేదు.

"కిందటి కిందటేడు నవంబరులో, నాన్నా నేనూ రాజమండ్రి నుంచి వస్తున్నాం. కడియం దాటాక మసకచీకటి పడుతోంది. నాన్న ఫోన్ చూసుకుంటున్నాడు. సైకిలు మీద మొక్కలు కట్టుకుని వెళ్తున్న మనిషిని గుద్దేశాడు. మొక్కలు రోడ్డంతా పడ్డాయి, బంతి మొక్కలు. నాన్న కారు ఆపి అద్దంలో చూశాడు. నేను వెనక్కి తిరిగి చూశాను. నాన్న కారు పోనిచ్చేశాడు. అమ్మకి చెప్పకు, ఎవరికీ చెప్పకు అన్నాడు. రెండు రోజుల తరవాత పేపర్లో పడింది. ఆయన పేరు లోవరాజు. నర్సరీలో పని. గుర్తు తెలియని వాహనం అని రాశారు. నేను ఊరుకున్నాను."

అంతా పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. గొంతు ఎక్కడా తొణకలేదు. కళ్ళలోంచి మాత్రం నీళ్ళు కారిపోతున్నాయి.

పిల్ల మాట ఎప్పుడు ఆగడం మొదలైందో ఇప్పుడు అర్థమైంది. కిందటేడు ఆ నాలుగు నిమిషాలూ ఆ పిల్ల ఏం మోస్తూ కూర్చుందో కూడా అర్థమైంది. అది జబ్బు కాదు. తండ్రిని కాపాడుకుంటూ, అబద్ధం చెప్పలేక, నిజమూ చెప్పలేక ఆ ఒక్క క్షణంలో తలదాచుకుంటూ వచ్చింది. ఆ చోటునే తను పెళ్ళగించి పారేసింది.

"నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు అడగలేదు. అడిగితే నీ కోపం చూసి భయపడేదాన్ని. చెప్తే నాన్న జైలుకి వెళ్తాడు. చెప్పకపోతే వాళ్ళకి ఎవరు చేశారో ఎప్పటికీ తెలీదు."

చంద్రమౌళి చెప్పులు విప్పి లోపలికొచ్చాడు. ఇద్దరి మొహాలూ చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. దాచడానికి అతనేమీ ప్రయత్నించలేదు. కుర్చీలో కూలబడ్డాడు.

"దిగుదామనే అనుకున్నాను హైమా. కాలు బ్రేకు మీదే ఉంది. పాప పక్కనుంది, జనం వచ్చి కొడతారేమో అనిపించింది. తరవాత ప్రతి రోజూ వెళ్దామనే అనుకున్నాను. రోజు గడిచేకొద్దీ వెళ్ళడం కష్టమైపోయింది."

"ఇప్పుడు శుక్రవారం అదే ప్రశ్న అడుగుతారు. అడిగితే అది ఆపుకోలేదు."

"అయితే పంపకు."

"నేను వెళ్తాను," అంది మేదిని. ఎవరూ అడక్కుండానే.

భార్యాభర్తలిద్దరూ బుధవారమంతా మాట్లాడుకున్నారు. చంద్రమౌళి చివరికి, "ఇంటర్వ్యూ కానీ. సోమవారం నేనే స్టేషన్‌కి వెళ్ళి చెప్పేస్తాను. అది చెప్పడం కన్నా నేను చెప్పడం నయం," అన్నాడు. హైమావతి సరేనంది. బుధవారమే వెళ్ళొచ్చుగా అని అడగాల్సింది. అడగలేదు. పోలీసు కేసంటే పిల్ల ఇంటర్వ్యూ చెడుతుందని మనసులో ఒక మూల మెదిలింది. ప్రశ్న ఈ ఏడు మారొచ్చు, వేరే వాళ్ళు కూర్చోవచ్చు, అసలు అడక్కపోవచ్చు అని తనకి తను చెప్పుకుంది. బీరువాలోంచి పిల్లకి నప్పే లేత పసుపు చుడీదారు తీసి ఇస్త్రీ చేసింది.

*

హాల్లో ఈసారి ముందు వరసలోనే కూర్చుంది హైమావతి. తెరమీద మేదిని నమస్కారం పెట్టి కుర్చీలో కూర్చుంది. ప్రశ్న వెంట జవాబు. నక్షత్రాల వెలుతురు గురించి, గోదావరి ఒండ్రు గురించి, సంభావ్యత లెక్కల గురించి. హాల్లో పక్కవాళ్ళు హైమావతి వైపు మెచ్చుకోలుగా చూశారు. "మీ అమ్మాయేనా అండీ?" అని ఎవరో అడిగారు. ఆవిడ తల ఊపింది.

కిందటేడు వచ్చిన పెద్దాయన లేడు. ఆయన కుర్చీలో రిటైరైన జిల్లా జడ్జి ఒకాయన ఉన్నాడు. ఎదురుగా ఉన్న కాగితాలు సర్దుకుంటున్నాడు. అయిపోయిందేమో అనుకుని హైమావతి ఊపిరి వదిలింది.

"ఒక్కటి," అన్నాడాయన. "చెయ్యాల్సిన పని తెలిసి, చెయ్యకుండా ఉండిపోయిన సందర్భం."

మేదిని చెప్పింది. మంగళవారం చెప్పిన మాటలే, అదే వరసలో. హాల్లో కుర్చీల చప్పుడు ఆగిపోయింది.

జడ్జి కలం చేతిలోకి తీసుకున్నాడు. పక్కనున్నావిడ ఆయన చెయ్యి మీద చెయ్యి వేసింది, ఇక చాలన్నట్టు. ఆయన ఆగలేదు. ఆయన జీవితమంతా అడగడమే వృత్తి.

"కారు నంబరు గుర్తుందా?"

చెప్పింది.

"ఈ సంగతి ఇంకెవరికైనా తెలుసా?"

"అమ్మకి తెలుసు. మంగళవారం నేనే చెప్పాను. బయట హాల్లో కూర్చుంది."

హాల్లో తలలన్నీ ఒక్కసారి ఇటు తిరిగాయి. హైమావతి తల దించుకోలేదు.

వాళ్ళు మర్నాడు కాకినాడ చేరేసరికి చంద్రమౌళిని అప్పటికే తీసుకెళ్ళారు. అతను సోమవారం నిజంగా వెళ్ళేవాడో లేదో ఇక ఎవరికీ తెలిసే వీలు లేదు. అతను మాత్రం వెళ్ళేవాడినేనని చెప్పాడు, స్టేషన్‌లో కటకటాల ఇవతల నిలబడ్డ భార్యతో. హైమావతి నమ్మినట్టు తలాడించింది.

వారానికి విద్యాపీఠం నుంచి ఉత్తరం వచ్చింది. ఇంటర్వ్యూలో మేదినికి మొదటి స్థానం. ఆలోచనలో స్పష్టత, చెప్పడంలో నిర్భయత్వం అని రాశారు.

*

జూలైలో మేదిని అనంతగిరి హాస్టల్లో చేరింది. మూడు వారాలే ఉంది. తోటి ఆడపిల్లలకి రెండో రోజుకే తెలిసిపోయింది, ఈ పిల్లని ఏదడిగితే అది చెప్పేస్తుందని. మొదట ఆటగా మొదలుపెట్టారు. నీకు ఎవరంటే ఇష్టం, ఎవరంటే అసహ్యం, అద్దంలో చూసుకుంటే ఏమనిపిస్తుంది. తరవాత వార్డెన్ పిలిచి, గోడ దూకి బయటికెళ్ళింది ఎవరని అడిగింది. ఆ సాయంత్రం మేదిని పుస్తకాలన్నీ బకెట్ నీళ్ళలో తేలాయి. ఆమె పెట్టె సర్దుకుని వచ్చేసింది.

హైమావతి జరిగిందంతా రాసి ఎథిక్స్ కమిటీకి ఇచ్చింది. ఆమెని ఉద్యోగంలోంచి తప్పించారు. ఆవిడ రాసిచ్చింది మాత్రం బయటికి రాలేదు. ఆదిత్యపురం మాస్టారి లాంటివాళ్ళు పట్టీల కోసం డైరెక్టరు గది ముందు వరసకట్టారని ఫరీదా ఫోన్‌లో చెప్పింది. దసరాకల్లా విజయవాడలో వేరే పేరుతో పట్టీలు వచ్చేశాయి. వచ్చే ఏడు ఇంటర్వ్యూలకి పిల్లలు చెవుల వెనక అంటించుకుని తయారవుతున్నారు.

ఇంట్లో తల్లీకూతుళ్ళ మధ్య మాట కొత్త దారి పట్టింది. హైమావతి కూతుర్ని ఏదీ అడగడం మానేసింది. అన్నం తింటావా అనదు, అన్నం వడ్డించాను అంటుంది. తలనొప్పిగా ఉందా అనదు, మాత్ర బల్లమీద పెట్టి వస్తుంది. ప్రశ్న లేకుండా ఒక రోజంతా గడపడం ఎంత కష్టమో ఆవిడకి అప్పటిదాకా తెలియదు.

నవంబరులో కేసు విచారణకి వచ్చింది. కోర్టు వరండాలో బెంచీ మీద మేదినిని గోడ వైపు కూర్చోబెట్టి, ఎవరూ పలకరించకుండా తను అడ్డంగా కూర్చుంది హైమావతి. లోపలి నుంచి పిలుపు ఇంకా రాలేదు. మెట్లెక్కి ఒక ఆడమనిషి వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. నూలు చీర, చెయ్యి గోళ్ళలో మట్టి. లోవరాజు భార్యేనని ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఆమె నేరుగా మేదిని ముందుకొచ్చి నిలబడింది.

"నువ్వేనా అమ్మా ఆ కార్లో ఉన్నది?"

"నేనే," అంది మేదిని.

హైమావతి లేచి ఇద్దరి మధ్యకీ వచ్చింది. "అమ్మా, దయచేసి దాన్ని ఏమీ అడక్కండి. అది ఆపుకోలేదు. ఏదన్నా ఉంటే నన్నడగండి."

"నీకేం తెలుసండి? నువ్వు లేవుగా." ఆమె గొంతులో కోపం లేదు. హైమావతిని దాటి పిల్ల మొహంలోకే చూసింది. "మీరు ఎళ్ళిపోయేతలికి మావోడికి పేణం ఉందా?"

"ఉంది. చెయ్యెత్తాడు."

"ఏమన్నా అన్నాడా?"

"పెదాలు కదిలాయి. అద్దాలు మూసున్నాయి, వినపడలేదు."

"ఏ పక్కకి పడిపోయాడు?"

"కుడిపక్కకి. చెయ్యి మొక్కల మీద ఉంది."

హైమావతి కళ్ళు మూసుకుంది. ఆ మనిషి అరుస్తుందని, మీదపడి కొడుతుందని అనుకుంది. అదేం జరగలేదు. ఆమె మెల్లిగా బెంచీ అంచుమీద కూర్చుంది. రెండేళ్ళుగా ఎవర్ని అడగాలో తెలియక తిరిగిన ప్రశ్నలు అవి. పోలీసులు చెప్పలేదు, డాక్టర్లు చెప్పలేదు. చెంగుతో మొహం తుడుచుకుంది. ఇక అడగడానికి ఆమె దగ్గర ఏమీ మిగల్లేదు.

లోపల బంట్రోతు ఎవరి పేరో పిలుస్తున్నాడు. మేదిని గోడ దగ్గర నుంచి ముందుకి జరిగి ఆమె పక్కన కూర్చుంది.

"నా వైపు తలుపుకి తాళం పడలేదు," అంది. "నేను దిగి ఉండొచ్చు. పరిగెత్తుకొచ్చి ఆ చెయ్యి పట్టుకుని ఉండొచ్చు. నాన్న నన్ను పట్టుకోలేదు. నేనే దిగలేదు."

ఆ మాట ఆమెని ఎవరూ అడగలేదు.